బాల్కనీ గది ఎవరికి?

బుజ్జీ, నిన్న రాత్రి ఫోన్లో తెగ కంగారు పడిపోయావు. మే నెలాఖరుకి మీ అత్తగారూ మామగారూ వస్తున్నారు, జూన్ చివర్లో పిల్లలకి సెలవులు, అందరూ కలిసి అలాస్కా ఓడ ఎక్కాలి. బాల్కనీ గదికి అంత డబ్బు పొయ్యాలా, కిటికీ లేని గదిలో పెద్దవాళ్లని పడుకోబెడితే ఏమనుకుంటారో అని ఒకటే అడిగావు. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, సగం సగం చెప్పాను. ఇప్పుడు స్థిమితంగా కూచున్నాను, విను.

ముందు గది సంగతి పక్కన పెట్టు. ఓడ ఏ దారిన వెళ్తుందో చూడు. మీ సియాటిల్‌లో బయలుదేరేవి వారం రోజులు తిప్పి మళ్లీ సియాటిల్‌లోనే దింపుతాయి. విమానం గొడవ లేదు. మామగారి మందుల సంచీ, పిల్లల స్వెట్టర్లు అన్నీ కార్లో వేసుకుని రేవు దాకా పోవచ్చు. కాకపోతే అవి చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపున, బయటి సముద్రంలో వెళ్తాయి. అక్కడ ఓడ కాస్త ఊగుతుంది. కెనడాలో వాంకూవర్ నుంచి బయలుదేరేవి దీవికీ నేలకీ మధ్య దారిలో వెళ్తాయి. ఆ నీళ్లు చాలాచోట్ల చెరువులా నిమ్మళంగా ఉంటాయి. బస్సెక్కితేనే అత్తగారికి కడుపులో తిప్పుతుందన్నావు కదా, ఈ మాట గుర్తుపెట్టుకో.

ఎక్కడ ఎక్కినా మీ అత్తగారికీ మామగారికీ కెనడా వీసా ఉండాలమ్మా. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగుతున్నాం, కెనడాతో మనకేం పని అనిపిస్తుంది. కానీ అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగాల్సిందే. అలాస్కా వెళ్లే ఆ పెద్ద ఓడలన్నీ బహామాస్, నెదర్లాండ్స్ లాంటి దేశాల జెండాలవే. అందుకే సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఏ సాయంత్రమో కొన్ని గంటలు ఆగుతాయి. అక్కడ కిందికి దిగకపోయినా ఇండియా పాస్‌పోర్టుకి వీసా అడుగుతారు. గ్రీన్‌కార్డులున్నాయి కాబట్టి మీ ఇద్దరికీ అక్కర్లేదు. వాళ్లు హైదరాబాద్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టించు. ఇక్కడికొచ్చాక పాస్‌పోర్టులు పోస్టులో పంపి ఎదురుచూస్తూ కూచోవడం నాకు తెలుసు, ఆ బాధ నీకొద్దు.

ఇప్పుడు ఓడ. పిల్లల్ని చూసుకుంటే రాయల్ కరీబియన్ వాళ్ల పెద్ద ఓడలు బాగుంటాయి. 4 వేల మంది పడతారు, బంపర్ కార్లూ అవీ ఉంటాయి, మీ చిన్నాడు గదిలోకే రాడు. హాలండ్ అమెరికా వాళ్ల ఓడలు నెమ్మది. 2 వేలు, 2 వేల 7 వందల మంది లోపే, పెద్దవాళ్లకి సందడి తక్కువ. నన్నడిగితే మాత్రం ఆటలూ కాదు, భోజనాలూ కాదు, గ్లేసియర్ బే జాతీయ పార్కుకి వెళ్తుందా లేదా అన్నదే చూస్తాను. ఆ పార్కులోకి రోజుకి రెండంటే రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ ఓడలు ఎక్కువగా వెళ్తాయి. రాయల్ కరీబియన్ వెళ్లదు, వాళ్లు వేరే హిమానీనదాలు చూపిస్తారు. అవీ బాగుంటాయంటారు. నేను చూసింది గ్లేసియర్ బే, అందుకని నా మనసు అక్కడే ఉంది.

1794లో ఇంగ్లీషు ఓడలు వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదట, మొగ దగ్గరే మంచు గోడలా నిలబడి ఉందట. 1879లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 40 మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ పొద్దున్నే ఆ నీళ్లలోకి మళ్లుతుంది, పార్కు రేంజర్లు ఎక్కి మైకులో అన్నీ చెప్తూ ఉంటారు. చిట్టచివర మార్జెరీ హిమానీనదం. దగ్గర దగ్గర ఒక మైలు వెడల్పు, నీలం నీలంగా పగుళ్లు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లిన రోజు చెప్తాను. అందరూ పై డెక్ మీదికి పరుగెత్తారు. మీ బావగారు కెమెరా పట్టుకుని ముందే పోయారు. అమ్మకి మోకాళ్లు, నాలుగు మెట్లెక్కితే కూచోవాలి. పైన చలిగాలి, రెయిలింగు దగ్గర మూడు వరసల జనం. నేను కిందికొచ్చి చూస్తే అమ్మ వాళ్ల గది బాల్కనీలో కుర్చీ వేసుకుని కూచుంది. నేత చీర మీద నాన్న కోటు, తలకి మంకీ క్యాపు, ఒళ్లో నేను కలిపిచ్చిన కాఫీ గ్లాసు. మాట్లాడబోతే వేలు పెదాల మీద పెట్టి ఎదురుగా చూపించింది. మంచు గోడలోంచి ఇల్లంత ముక్క జారి నీళ్లలో పడింది. ముందు కంటికి కనిపించింది, తర్వాత చెవిని పడింది, తుపాకీ పేలినట్టు. అక్కడి ట్లింగిట్ జనం ఆ చప్పుడుని తెల్ల ఉరుము అంటారట. ఓడ మెల్లగా తన చుట్టూ తను తిరుగుతుంది, అందుకని కుడివైపు గదా ఎడమవైపు గదా అని బెంగ పెట్టుకోకు. గంటసేపు అమ్మ కుర్చీలోంచి లేవలేదు. కాఫీ చల్లారిపోయింది. అంతా అయ్యాక "మీ అమ్మమ్మకి చెప్తే నమ్మేది కాదే" అంది, అంతే.

అందుకే చెప్తున్నా, బాల్కనీ పెద్దవాళ్లకివ్వు. నువ్వూ మరిదిగారూ పిల్లలూ ఎదురుగా నడవాకి అవతలి పక్క కిటికీ లేని గది తీసుకోండి. ఆ గదిలో మీరు రాత్రి పడుకోవడానికే కదా, పగలంతా వాళ్ల దగ్గరే. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుగుంటుంది. చీకటి గదిలో పిల్లలు హాయిగా నిద్రపోతారు. మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్టు సాధారణంగా తక్కువే పడుతుంది. పిల్లలకి పైకప్పులోంచి దిగే మంచాలుంటాయి, నిచ్చెనెక్కి పడుకోవడమంటే వాళ్లకి సరదా. అత్తగారి కోసం మాత్రం బాత్రూమ్ గడప ఎంత ఎత్తుందో, పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో అడుగు. ఒక ప్లాస్టిక్ మగ్గు సంచీలో పడెయ్యి.

గది ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో అయితే ఊపు తక్కువ. గదికి పైనా కిందా మళ్లీ గదులే ఉండాలి. మా మొదటి ప్రయాణంలో ఒక ఏజెంటు, గ్యారంటీ గది, చవక, నంబరు తర్వాత చెప్తాం అన్నాడు, సరే అన్నాం. తీరా చూస్తే మా నెత్తి మీద భోజనశాల. తెల్లవారుజామున ఐదింటికి కుర్చీలు ఈడ్చే చప్పుడు. కిటికీ ఉందన్నాడు, ఉంది, దానికి అడ్డంగా లైఫ్‌బోటు. ఏడు రాత్రులు ఆ పసుప్పచ్చ బోటునే చూశాను. పాప తొమ్మిది నెలలది అప్పుడు, నిద్రలేక ఏడుస్తూనే ఉండేది. ఆ ఏడుపు తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

డబ్బు లెక్క వేసేటప్పుడు టిప్పులు కలుపుకో. మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్లు వాళ్లే వేస్తారు. మీ ఆరుగురికీ ఏడు రాత్రులకి 670 నుంచి 840 దాకా అవుతుంది. రైస్ కుక్కర్ పెట్టుకోవద్దు, తీసేసుకుంటారు. ఎక్కిన రాత్రే హెడ్ వెయిటర్‌తో రేపు మాకు ఇండియన్ వెజిటేరియన్ కావాలి అని చెప్పు. మా ఓడలో నాన్నకి రోజూ పప్పూ అన్నం పెట్టారు. సీలు వేసిన కారప్పొడి ప్యాకెట్లు తీసుకెళ్లాం, ఎవరూ ఏమీ అనలేదు.

గది ఖాయం చేసే ముందు నంబరు నాకు పంపు, డబ్బు అప్పుడే కట్టకు. ఓడ డెక్ ప్లాన్ ముందేసుకుని ఆ గది మీదేముందో, కిందేముందో ఇద్దరం చూద్దాం. ఆదివారం పొద్దున్నే చెయ్యి, పిల్లలు లేవకముందు.