కంటితో చూచి నేర్చుకొను జీవదయ

“చీమను త్రొక్కవద్దు, పురుగును చంపవద్దు” అని పిల్లలకు మాటలు వచ్చినది మొదలు మన యిండ్లలో చెప్పుచునే యున్నాము. పిల్లలు వినుచున్నారు గాని, ఎక్కువగా భయముచేత వినుచున్నారు. పెద్దలు ప్రక్కన లేనప్పుడు ఆ భయమును ఉండదు. చీమ ప్రక్కన కూర్చుండి దాని పనిని చూచిన పిల్లవానికి ఒకరు చెప్పనక్కరలేదు. కావున అయిదు మొదలు పదేండ్ల పిల్లలకు చూపి నేర్పదగిన పనులు కొన్ని వ్రాయుచున్నాను. ఒక భూతద్దము, ఆదివారమునాడు ఒక గంట తీరిక చాలును.

మొదటిది నడక. మునులు పాటించు ఈర్యా సమితి ప్రకారము నాలుగు మూరల దూరము ముందు నేలను చూచుచు నడువవలెను. గుడికి పోవునప్పుడు పిల్లలచేత దీనిని ఆటగా ఆడింపవచ్చును. దారిలో చీమల బారులెన్ని, వానపాములెన్ని, నత్తలెన్ని కనబడినవో లెక్క చెప్పుమనవలెను. వానకాలమున ఈ లెక్క ఎంత పెరుగునో చూచిన పిల్లలకు, చాతుర్మాస్యమున మునులు ఒకే ఊర ఎందుకు నిలుతురో తేలికగా బోధపడును. బడిలో కన్నడమో తమిళమో చదువు మన పిల్లలకు గండుచీమ, గొల్లభామ వంటి తెలుగు పేర్లు కూడ ఈ నడకలోనే వచ్చును.

రెండవది ఇంద్రియముల లెక్క. పురుగు, చీమ, తుమ్మెద, మనుష్యుడు అను వరుసలో ఒక్కొక్క ఇంద్రియము హెచ్చునని తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి చెప్పెను. చీమల బారుకు కొంచెము ఎడముగా చిటికెడు పంచదార వేసి, చీమలు మీసములతో తడవుచు దానిని కనుగొనుట చూపవలెను. “చీమకు కన్నులున్నవని సైన్సు పుస్తకములో ఉన్నదే!” అని పిల్లలడుగుదురు. గద్దింపరాదు. చాల జాతుల చీమలకు కన్నులున్న మాట నిజమే. భూతద్దముతో గండుచీమను చూడనిండు. స్పర్శ లేని ప్రాణి ఒక్కటియు లేదనుట మన శాస్త్రమునందలి ముఖ్యమైన మాట. పిల్లల మనస్సున నాటవలసినది అది.

చెట్టు సంగతియు అంతే. 1917లో కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించిన జగదీశచంద్ర బోసు, మొక్కలు బయటి తాకిడికి స్పందించునని యంత్రములతో చూపెను. మనకు యంత్రమక్కరలేదు. అత్తిపత్తి ఆకును ఒక్కసారి మెల్లగా తాకి, ముడుచుకొన్న ఆకు మరల విచ్చుకొనువరకు పిల్లలను ఓపికగా కూర్చుండబెట్టవలెను. బడికి ఆకులు కావలసినచో రాలినవి ఏరుకొనవలెను. సీతాకోకచిలుకను పట్టి సీసాలో పెట్టుట మన పద్ధతి కాదు.

మూడవది నీరు. బావి నీటినో చెరువు నీటినో రెండు మడతల గుడ్డలో వడియగట్టి, గుడ్డపై నిలిచినదానిని భూతద్దముతో చూపి, ఆలస్యము చేయక ఆ నీటిలోనే వదలవలెను. పక్షులకు పెట్టు నీళ్లమూకుడును ప్రతిదినము కడిగి నింపుట పిల్లల వంతు కావలెను. నిలువ నీటిలో గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. నీరు నిలువనీయనియింట దోమను చంపవలసిన పని తగ్గును.

నాలుగవ పాఠము మన దుకాణములలోనే యున్నది. ముక్కుపురుగు బియ్యపుగింజలోనే గ్రుడ్డు పెట్టును. తేమ తగిలినచో త్వరగా పెరుగును. పురుగు పట్టిన తరువాత ఏమి చేసినను హింసయే. ముందుగానే సరుకును బాగుగా ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి, మూత బిగించుట పిల్లలచేత చేయింపవలెను.

చంపవద్దనుట సగము పాఠమే. చంపవలసిన అవసరము రాకుండ ముందుచూపుతో మెలగుట మిగిలిన సగము. దీనినే మన పెద్దలు యత్నాచారమనిరి. లెక్కల పుస్తకమున నష్టము రాకముందే జాగ్రత్తపడు మన వ్యాపారుల పిల్లలకు ఈ విద్య కష్టము కాదు. చూపువారుండవలెను, అంతే.

జై జినేంద్ర.