మార్జిన్ వృథా చోటు కాదు



ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడితే జిరాక్స్, డీటీపీ షాపుల ముందు పిల్లలతో పాటు పెద్దలూ నిలబడతారు. ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించాక అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి లైనులో మొదటి అక్షరాలు బైండింగ్ రంధ్రాల్లోకి పోయి ఉంటాయి. తెలుగు పేజీలైతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతుంటాయి. వారాల తరబడి మీ బిడ్డ చేసిన పని చదవడానికే కష్టమవుతుంది. రెండు సెట్టింగులు ముందే చూసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

మార్జిన్: ఎటువైపు, ఎంత?

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297. యూనివర్సిటీ థీసిస్‌లలో తరచుగా కనిపించే కొలత ఇది: బైండింగ్ వైపు ఒకటిన్నర అంగుళం, మిగిలిన మూడు వైపులా ఒక్కో అంగుళం. అంటే సుమారు 38, 25 మిల్లీమీటర్లు. అక్షరాలకు దాదాపు 147 మిల్లీమీటర్ల వెడల్పు మిగులుతుంది. లైను మరీ పొడవైతే చివరికి వెళ్లిన కన్ను తర్వాతి లైను మొదలును వెతుక్కోవాలి. ఆ బాధ కూడా మార్జిన్ వల్ల తగ్గుతుంది.

ఇది కంప్యూటరుతో పుట్టిన పద్ధతి కాదు. తాళపత్రాలు రాసినవారు తాడు దూర్చే రంధ్రం చుట్టూ చోటు వదిలేవారు. ఉర్దూలో మార్జిన్‌ను ‘హాషియా’ అంటారు. అక్కడ రాసే వివరణకూ అదే పేరు. పాతబస్తీలో ఉర్దూ రిపోర్టు రాసే పిల్లలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి బైండింగ్ కుడివైపు వస్తుంది. పెద్ద మార్జిన్ కూడా కుడివైపే ఉండాలి. కాగితానికి రెండువైపులా ప్రింటు తీస్తే ‘మిర్రర్ మార్జిన్స్’ ఎంచుకోవాలి.

లైన్ల మధ్య దూరం: తెలుగుకు ఎక్కువ కావాలి

ఇంగ్లిష్ అక్షరాలు లైను కిందికి కొద్దిగానే దిగుతాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం చూడండి. పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు. ఉర్దూ నస్తాలీఖ్ రాతలో పదం పైనుంచి ఏటవాలుగా కిందికి జారుతుంది. అందుకే ఇంగ్లిష్ పేజీకి సరిపోయిన 1.15 దూరం ఈ రెండు భాషలకూ చాలకపోవచ్చు. తెలుగుకు 1.5తో మొదలుపెట్టి, ఒక పేజీ ప్రింటు తీసి చూడండి. ఫాంటును బట్టి కొంచెం పెంచాలో తగ్గించాలో తెలుస్తుంది.

ఎంఎస్ వర్డ్‌లో లైన్ స్పేసింగ్ దగ్గర ‘ఎగ్జాక్ట్‌లీ’ పెడితే అక్షరం పైభాగమో కిందిభాగమో తెగిపోవచ్చు. ఒత్తు తెగితే ‘పత్తి’ పంట కాస్తా ‘పతి’ అవుతుంది! ‘మల్టిపుల్’ లేదా ‘ఎట్ లీస్ట్’ ఎంచుకోవడం మేలు.

పేజీలు పెంచడానికి కాదు

ఆరు పేజీల విషయాన్ని పెద్ద మార్జిన్లతో, డబుల్ స్పేసింగ్‌తో పది పేజీలు చేయాలని కొందరు పిల్లలకు అనిపిస్తుంది. టీచర్ ఒక్క చూపులో గుర్తుపడతారు. డబుల్ స్పేసింగ్ వాడుకలోకి వచ్చింది లైన్ల మధ్య పెన్నుతో దిద్దడానికి వీలుగా. పేజీలు తగ్గాయని బిడ్డ దిగులు పడితే ‘ఇంకా పెంచు’ అనకండి. ‘ఇంకేం గమనించావు? ఎందుకు అలా జరిగింది?’ అని అడగండి. రాయాల్సింది అక్కడ దొరుకుతుంది.

షాపుకు వెళ్లే ముందు

1. స్కూలు ఇచ్చిన సూచనల కాగితంలో కొలతలు ఉంటే వాటినే పాటించండి.
2. ఫైలును పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్లండి. లేకపోతే షాపు కంప్యూటరులో మీ ఫాంటు లేనప్పుడు లైన్లన్నీ జరిగిపోతాయి.
3. ‘ఫిట్ టు పేజ్’ కాకుండా అసలు సైజులో, అంటే 100 శాతంలో ప్రింటు అడగండి.
4. ముందు ఒక్క పేజీ తీయించి, స్కేలుతో మార్జిన్ కొలవమని మీ బిడ్డకే చెప్పండి.
5. ఒత్తులన్నీ పూర్తిగా కనిపిస్తున్నాయా అని ఒక పేరా బయటకు చదివించండి.

ఈ పనులు మీరు చేసిపెట్టకండి, పక్కన కూర్చోండి చాలు. వీలున్న రోజు పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లి, అక్కడి చేతిరాత గ్రంథాల్లో అక్షరాల చుట్టూ ఎంత చోటు వదిలారో చూపించండి. చదివేవారి కోసం వదిలిన చోటు అది. మీ బిడ్డ రిపోర్టులోనూ దాని పని అదే.