నడుస్తున్న ప్రోగ్రామ్ చోటు మారితే?

పోయిన పత్తితీతల్లో మా నాన్న కూలీల లెక్కల కోసం లినక్సు కంప్యూటరు మీద, సి భాషలో నేనొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఓ రాత్రి అది నడుస్తుండగానే మా తమ్ముడు దాని ఫోల్డరును డెస్క్‌టాప్ మీది నుంచి వేరే చోటికి జరిపాడు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది. తీరా "సేవ్" నొక్కేసరికి ఫైలు లేదని చెప్పి ఆగిపోయింది. పదకొండు మంది కూలి లెక్క గల్లంతు! మర్నాడు నాన్న ఒక్కొక్కరినీ అడిగి మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

తప్పు తమ్ముడిది కాదు, నాది. ఎందుకో చూద్దాం.

ఊళ్ళో ఒక పొలాన్ని "చింతచెట్టు చేను" అంటాం. చెట్టు కొట్టేస్తే ఆ పేరు పోవచ్చు, సర్వే నంబరు పోదు. లినక్సులో ఫైలు సంగతీ అంతే. మనకు కనిపించే దారి పేరు మాత్రమే. అసలు గుర్తు ఐనోడ్ నంబరు. ఒకే డిస్కు విభాగంలో ఫైలును ఎటు జరిపినా ఐనోడ్ మారదు. నడిచే ప్రోగ్రామును కెర్నెల్ పట్టుకొని ఉండేది పేరుతో కాదు, ఐనోడ్‌తో. అందుకే అది ఆగదు. నా ప్రోగ్రామ్ మాత్రం మొదలైనప్పటి దారిని కంఠస్థం చేసి దాన్నే నమ్ముకుంది.

మరి చోటు మారినట్లు కనిపెట్టడం ఎలా? పద్ధతులు రెండు.

మొదటిది, అడగడం. "/ప్రాక్/సెల్ఫ్/ఎగ్జె" అనే లింకును చదివితే, ప్రోగ్రామ్ ఇప్పుడున్న దారిని కెర్నెల్ చెబుతుంది. మొదట రాసి ఉంచుకున్న దారితో దాన్ని పోల్చాలి. తేడా ఉంటే చోటు మారినట్లే. వేరే డిస్కుకు జరపడమంటే నిజానికి నకలు తీసి పాతదాన్ని చెరిపేయడం. అప్పుడు పాత దారి చివర "డిలీటెడ్" అని కనిపిస్తుంది. కొత్త చోటు మాత్రం తెలియదు.

రెండవది, కబురు పెట్టించుకోవడం. ఐనోటిఫై ద్వారా ఫైలు మీద కాపలా పెడితే, అది జరిగిన వెంటనే కబురందుతుంది. కాని ఫైలును కాక దాని పై ఫోల్డరును జరిపితే ఆ కబురు రాదు. మా తమ్ముడు జరిపింది ఫోల్డరునే కదా!

కనుక నా ప్రోగ్రామ్ ఇప్పుడు సేవ్ చేసే ముందు ప్రతిసారీ కెర్నెల్‌ను అడుగుతుంది. జవాబు దొరక్కపోతే ఆగిపోకుండా "ఎక్కడ దాచమంటారు?" అని నాన్ననే అడుగుతుంది. ప్రోగ్రామ్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు, కూలీల కష్టం లెక్క తప్పకూడదు.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి