శనివారపు ఆటలో ప్రాంతాల బలాబలాలు

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టే తెలుగు కుటుంబాలు ఇంటి అద్దె, బడి స్థాయి, ఆఫీసు దూరం విచారించుకున్నట్టే, ఆ ఊళ్లో కళాశాల ఫుట్‌బాల్‌కు ఎంత పట్టు ఉందో కూడా తెలుసుకోవడం మేలు. హెల్మెట్లు, భుజకవచాలు ధరించిన పదకొండు మందేసి ఆటగాళ్లు కోలబంతిని చేతబట్టి ఎదుటి జట్టు గీత దాటించే ఈ ఆటను వృత్తి జట్లు ఎక్కువగా ఆదివారం, విశ్వవిద్యాలయ జట్లు శనివారం ఆడతాయి. ఆగస్టు చివరి నుంచి నవంబరు ముగిసేదాకా ఆ శనివారాలను తప్పించి పెళ్లి తేదీలు పెట్టుకునే ప్రాంతాలున్నాయి, ఆట ఉందన్న ఊసే వినిపించని నగరాలూ ఉన్నాయి.

ఈ తేడా మొదటి నుంచీ ఉన్నది కాదు. కళాశాలల మధ్య తొలి పోటీగా లెక్కించే ఆట 1869లో న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో, అంటే నేడు తెలుగువారు పెద్దసంఖ్యలో ఉంటున్న ఎడిసన్‌కు దాపునే, రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థుల మధ్య జరిగింది. ఆ శతాబ్దం ముగిసేవరకు యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లదే పైచేయి. ఆ సంస్థలతో ఏర్పడిన ఐవీ లీగ్ ఆట కోసం ఉపకారవేతనాలు ఇవ్వరాదని నిశ్చయించుకోవడంతో, న్యూయార్క్, బోస్టన్ ప్రజల అభిమానం వృత్తి జట్లపైకి మళ్లడంతో ఈశాన్యంలో శనివారపు సందడి పలచబడింది. పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ అందుకు పెద్ద మినహాయింపు.

దక్షిణాదిలో పరిస్థితి వేరు. అట్లాంటాకు 1966లో, న్యూ ఆర్లియన్స్‌కు 1967లో గాని వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రాలేదు, అలబామా రాష్ట్రానికి ఈనాటికీ లేదు. అందువల్ల విశ్వవిద్యాలయపు జట్టే రాష్ట్ర ప్రతిష్ఠకు గుర్తయింది. 1926 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన రోజ్ బౌల్ పోటీలో అలబామా 20–19తో వాషింగ్టన్‌పై నెగ్గినప్పుడు దక్షిణాది అంతా ఆ గెలుపును తనదిగా భావించింది. అయితే ఆ ప్రాంతపు బలాన్ని చెప్పి అక్కడి వర్ణవివక్షను దాటవేయడం న్యాయం కాదు. దక్షిణాది ప్రధాన విశ్వవిద్యాలయాలు దశాబ్దాల తరబడి నల్లజాతి యువకులను తమ జట్లలోకి రానివ్వకపోవడం వల్ల, టెక్సస్‌లోని బోమాంట్‌కు చెందిన బబ్బా స్మిత్ వంటి ప్రతిభావంతులు ఎక్కడో ఉత్తరాన ఉన్న మిషిగన్ స్టేట్‌కు వెళ్లి ఆడవలసి వచ్చింది. 1970లో బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి ఆటగాడు శామ్ కన్నింగ్‌హామ్ విజృంభించగా సదరన్ కాలిఫోర్నియా జట్టు 42–21తో అలబామాను ఓడించింది; ఆ ఓటమే అలబామా కళ్లు తెరిపించిందని జనం చెప్పుకుంటారు గాని, విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి విద్యార్థిని ఆ విశ్వవిద్యాలయం అప్పటికే ఉపకారవేతనంతో చేర్చుకుంది. తలుపులు తెరుచుకున్నాక స్థానిక ప్రతిభ స్థానికంగానే నిలిచింది. తమలో తాము ఎక్కువగా పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు; దక్షిణాది కూటమి ఎస్‌ఈసీకి చెందిన జట్లే 2006 నుంచి 2012 వరకు వరుసగా ఏడు జాతీయ బిరుదులు గెలిచాయి.

మధ్యపశ్చిమంలో బిగ్ టెన్ కూటమిది అంతకంటె పాత వైభవం. ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో లక్షా ఏడు వేలకు పైగా ఆసనాలున్నాయి, నెబ్రాస్కాలోని లింకన్‌లో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతున్నాయి. 2021లో ఆటగాళ్లు తమ పేరు ప్రఖ్యాతులతో సంపాదించుకోవడానికి అనుమతి లభించాక ధనబలం ఉన్న జట్లకు మరింత ఊపు వచ్చింది. 2023 బిరుదు మిషిగన్‌కు, 2024 బిరుదు ఒహాయో స్టేట్‌కు దక్కాయి. లాస్ ఏంజెలస్, సియాటిల్ నగరాల జట్లు కూడా 2024లో పడమటి కూటమి పాక్-12ను వీడి బిగ్ టెన్‌లో చేరాయి కనుక, కూటమి పేరును బట్టి ప్రాంతాన్ని అంచనా వేయడం ఇక కుదరదు.

డాలస్ పరిసరాల తెలుగువారికి ఈ సంస్కృతి ముందుగా ఎదురయ్యేది ఉన్నత పాఠశాల వద్దే. ఆలెన్ పట్టణంలో 2012లో ఆరు కోట్ల డాలర్లతో బడిపిల్లల జట్టు కోసం కట్టిన స్టేడియంలో పద్దెనిమిది వేల మంది కూర్చోవచ్చు, అక్కడ ఆటలు శుక్రవారం రాత్రి జరుగుతాయి. టెక్సస్ విశ్వవిద్యాలయపు డాలస్ శాఖకు మాత్రం ఫుట్‌బాల్ జట్టే లేదు, ఆర్లింగ్టన్ శాఖ 1985తో తన జట్టును మూసివేసింది. కాబట్టి ప్రాంతం బలమైనదైనంత మాత్రాన అక్కడి ప్రతి విద్యాసంస్థలోనూ ఆట ఉంటుందని విద్యార్థులు అనుకోరాదు.

స్టేడియం ఉన్న విశ్వవిద్యాలయ పట్టణంలో ఇల్లు తీసుకునేవారు ఆగస్టులోనే సొంతగడ్డ ఆటల పట్టిక చూసుకుని, ఇల్లు మారడం, బంధువులకు హోటల్ గది తీసుకోవడం వంటి పనులను ఆ తేదీలకు దూరంగా పెట్టుకోవాలి. చాలా స్టేడియాల్లోకి పారదర్శకమైన సంచులనే అనుమతిస్తారు. ఆటకు ముందు కార్ల పక్కన పొయ్యిలు పెట్టుకుని వండుకు తినే వేడుకను టెయిల్‌గేటింగ్ అంటారు. దానికి టికెట్ అక్కరలేని చోట్లే ఎక్కువ. ఇరుగుపొరుగువారు పిలిస్తే ఆట నియమాలు రాకపోయినా మొహమాటపడకుండా వెళ్లాలి, వెళ్లే ముందు ఎదుటి జట్టు రంగు ఏదో కనుక్కుని ఆ రంగు బట్టలు వేసుకోకుండా చూసుకోవాలి.