చెల్లని అక్షరం

పిల్లలూ! బడిలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి మనం మొదట ఏమడుగుతాం? “నీ పేరేమిటి? ఏ ఊరు? ఇంతకుముందు ఎక్కడ చదివావు?” అని కదా! కంప్యూటరును కూడా ఇలాగే అడగవచ్చు. యునిక్స్ వంశానికి చెందిన కంప్యూటర్లలో ఇందుకోసమే ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. దాని పేరు ‘యునేమ్’. యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. యునేమ్ ఆ తరువాతి దశాబ్దంలోనే అందులో చేరింది. అంటే మీ నాన్నగారి కంటె కూడా పెద్దదేమో!

మీ బడి కంప్యూటరులో లినక్స్ ఉంటే కంట్రోల్, ఆల్ట్, టి మీటలు మూడూ కలిపి నొక్కండి. ఉబుంటు వంటి వాటిలో ఒక నల్లని కిటికీ తెరుచుకొంటుంది. అందులో యు, ఎన్, ఏ, ఎమ్, ఈ అనే ఐదు చిన్న అక్షరాలు కొట్టి, ఎంటర్ నొక్కండి. ‘లినక్స్’ అని జవాబు వస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే, ఖాళీ వదిలి, ఒక అడ్డగీత పెట్టి, దాని పక్కనే ఒక అక్షరం చేర్చాలి. దీనినే ఆప్షను అంటారు. ఎస్ చేరిస్తే కెర్నెల్ పేరు, ఆర్ చేరిస్తే ఆ కెర్నెల్ ఎన్నో కూర్పు అనేది, ఎన్ చేరిస్తే యంత్రానికి పెట్టుకొన్న పేరు, ఎమ్ చేరిస్తే యంత్రం ఏ రకానిది అనేది చెబుతుంది. ఏ చేరిస్తే అన్నీ కలిపి ఒకే వరుసలో చెబుతుంది. (కెర్నెల్ అంటే వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు దాని అదుపులోనే పని చేస్తాయి.) ఇక్కడ నేను అక్షరాల పేర్లు తెలుగులో వ్రాస్తున్నాను గాని, మీరు కొట్టవలసినవి ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు అని ఈ ప్రోగ్రాములు పట్టింపుగా ఉంటాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక సంక్రాంతి సెలవులకు మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. కంప్యూటరు అందుబాటులో ఉన్నవారు యునేమ్‌ను ఎస్, ఎన్, ఆర్, ఎమ్, పి, ఓ అనే ఆరు అక్షరాలతో అడిగి, వచ్చిన జవాబులను పట్టికగా వ్రాసి తేవాలి. బడిలోని లినక్స్ యంత్రాల మీద నేను ముందే చేసి చూచుకొన్నాను. ఓ చేరిస్తే ‘గ్నూ/లినక్స్’ అని రావాలి. దిద్దేటప్పుడు నా దగ్గర ఉన్న పట్టికతో పోల్చి చూడటమే నా పని.

ఒక అమ్మాయి నోటుపుస్తకంలో ఆరవ గడిలో మాత్రం “యునేమ్: ఇల్లీగల్ ఆప్షన్ -- ఓ” అని ఉంది. దాని కింద ఇంకొక వరుస కూడా పొందికగా వ్రాసి ఉంది. అది నేను చదవలేదు. కొట్టడంలో పొరపాటు చేసిందనుకొని, ఎర్రసిరాతో గీత కొట్టి, “సరిగా చూచి మళ్ళీ వ్రాయి” అని వ్రాశాను.

మరునాడు ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, “మాస్టారూ, నేను నాలుగుసార్లు చూచాను. నాలుగుసార్లూ అదే వచ్చింది” అంది. ఊరికి వచ్చిన మేనమామగారి కంప్యూటరు మీద చేసిందట. ఇల్లీగల్ అనే మాటకు నిఘంటువులో చట్టవిరుద్ధమైనది అనే అర్థం కనబడిందట. చేయరానిది ఏదో చేశాననీ, మామయ్య కంప్యూటరు పాడయిందనీ భయపడి, ఆయన ప్రయాణమై వెళ్ళేవరకు ఎవరితోనూ చెప్పలేదు. అయినా నోటుపుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్లు వ్రాసింది. కంప్యూటరు ముఖం చూడకుండానే పక్కవారి పుస్తకం చూచి ‘గ్నూ/లినక్స్’ అని ఎక్కించుకొన్న ముగ్గురికి నేను పూర్తి మార్కులు వేశాను. ఆ సంగతి తరువాత తెలిసింది.

సరే, ఏమి జరిగిందో చూద్దాం. మొదట అనుమానించవలసింది చేతినే. ఓ అనే అక్షరానికి బదులు సున్న కొట్టారా? పెద్ద ఓ కొట్టారా? కొడితే వ్యతిరేకత వస్తుంది గాని, అప్పుడు ఆ సందేశంలో సున్నో, పెద్ద ఓ యో కనిపిస్తుంది. ఈ అమ్మాయి సందేశంలో ఉన్నది చిన్న ఓ. ఇంకొక మాయ ఉంది. ఫోనులో వచ్చిన సందేశం నుంచో, అచ్చుకు సిద్ధం చేసిన కాగితం నుంచో కమాండును నకలు చేసి తెస్తే, అడ్డగీత ఒక్కొక్కసారి పొడుగు గీతగా మారిపోతుంది. కంటికి రెండూ ఒకటే. ప్రోగ్రాముకు కాదు. పొడుగు గీతతో మొదలయ్యేదాన్ని అది ఆప్షనుగా గుర్తించదు. లినక్స్‌లోని యునేమ్ అప్పుడు “ఎక్స్‌ట్రా ఆపరాండ్”, అంటే ‘ఇదేదో అదనంగా వచ్చింది’ అంటుంది. మన సందేశం అది కూడా కాదు. కాబట్టి చేతి తప్పు లేదు.

ఇప్పుడు నేను చదవకుండా వదిలేసిన రెండవ వరుస చూడండి. “యూసేజ్: యునేమ్” అని ఉండి, దాని పక్కన చదరపు బ్రాకెట్లలో అడ్డగీత, తరువాత ఏ, ఎమ్, ఎన్, పి, ఆర్, ఎస్, వి అనే ఏడక్షరాలు కలిపి వ్రాసి ఉన్నాయి. యూసేజ్ అంటే వాడుక, అంటే నన్ను ఇలా వాడాలి అని చెప్పడం. ఆ ఏడక్షరాల్లో ఓ ఉందా? లేదు! జవాబు ఆ పిల్ల పుస్తకంలోనే ఉంది. నా ఎర్రగీత కిందే ఉంది.

ఇది ఎలా పని చేస్తుందో చెబుతాను. యునేమ్ వంటి ప్రోగ్రాము వ్రాసేవారు, తమకు తెలిసిన అక్షరాల జాబితా ఒకటి అందులోనే పెడతారు. మనం కొట్టిన అక్షరాలను ఒక్కొక్కటిగా ఆ జాబితాతో సరిచూచే పని ‘గెటాప్ట్’ అనే చిన్న భాగానిది. ఇది మీ తరగతి హాజరుపట్టీ వంటిది. పట్టీలో లేని పేరు పిలిస్తే ఎవరూ పలకరు. ఆ పేరుగల పిల్లవాడు లోకంలోనే లేడని కాదు, పక్క సెక్షనులో ఉండవచ్చు. జాబితాలో లేని అక్షరం ఎదురయితే గెటాప్ట్ ఒక మాట అనేసి ఊరుకొంటుంది. బర్కిలీ విశ్వవిద్యాలయం యునిక్స్ నుంచి వచ్చిన వంశంలో ఆ మాట ‘ఇల్లీగల్ ఆప్షన్’. గ్నూ వారి ప్రోగ్రాములలో ‘ఇన్‌వాలిడ్ ఆప్షన్’. రెండింటికీ అర్థం ఇక్కడ చెల్లదు అనే. చట్టానికీ దీనికీ సంబంధం లేదు, కంప్యూటరుకు రవ్వంత హాని కూడా జరగదు. ఇంత కఠినమైన మాటను ఎన్నుకొన్నవారు, పల్లెటూరి పిల్ల ఒకతె దాన్ని నిఘంటువులో వెతుకుతుందని ఊహించి ఉండరు.

అయితే ఒకే పేరు గల ప్రోగ్రాముకు ఒకచోట ఓ తెలిసి, మరొకచోట తెలియకపోవడమేమిటి? పేరు ఒకటే గాని ప్రోగ్రాము ఒకటి కాదు. మా బడిలోది గ్నూ వారు వ్రాసిన యునేమ్. గ్నూ పథకాన్ని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించారు. లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా 1991లో వెలువరించిన లినక్స్ కెర్నెల్, గ్నూ వారి పనిముట్లు కలిసి నేటి వ్యవస్థ అయింది. అందుకే గ్నూ వారి యునేమ్‌లో ఎస్ అంటే కెర్నెల్ పేరు, ఓ అంటే మొత్తం వ్యవస్థ పేరు. మామయ్యగారిది ఆపిల్ వారి మ్యాక్, అందులోనూ కొంచెం పాతది. దాని లోపలి వ్యవస్థ పేరు డార్విన్. దానిలోని యునేమ్ బర్కిలీ వంశపుది. దానికి ఓ అనే ప్రశ్న ఎవరూ నేర్పలేదు. తరువాత వచ్చిన మ్యాక్‌లలో ఓ కూడా చేర్చారు. కాని అక్కడ ఓ అన్నా, ఎస్ అన్నా ఒకటే. రెండింటికీ ‘డార్విన్’ అనే వస్తుంది. చూచారా, అక్షరం అదే, అర్థం వేరు! నా మట్టుకు, తప్పుగా అర్థం చేసికొని జవాబు చెప్పే యంత్రం కంటె, చెల్లదని మొహం మీదే చెప్పే యంత్రం మేలు.

ఇన్ని రకాలుంటే అందరికీ ఉమ్మడిగా ఏదీ ఉండదా? ఉంది. దాని పేరు పోసిక్స్. వేరు వేరు యునిక్స్ వ్యవస్థలకు సామాన్యంగా ఉండవలసిన నియమాల పుస్తకం అది. కమాండులను గురించిన భాగం 1992లో వెలువడింది. యునేమ్‌కు అది చెప్పిన అక్షరాలు ఆరే: ఏ, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, వి. ఈ ఆరూ లినక్స్‌లోనైనా మ్యాక్‌లోనైనా పలుకుతాయి. నేను ఇచ్చిన పట్టికలో పి, ఓ రెండూ ఈ ఆరింటిలో లేవు. అంటే ఇంటిపని ఇచ్చిన నాడే తప్పు జరిగింది.

మీకు ఇలాంటి తిరస్కారం ఎదురయితే ఏం చేయాలి? సందేశాన్ని అక్షరం అక్షరం నోటుపుస్తకంలో దించండి. దానిలో ఏ ప్రోగ్రాము పలికిందో, ఏ అక్షరం చెల్లదందో చూడండి. పలికినవారెవరు అనేది ముఖ్యం. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తే అసలు ఆ పేరుగల ప్రోగ్రామే అక్కడ దొరకలేదని అర్థం. అప్పుడు పలికేది యునేమ్ కాదు, మీ మాట వినే షెల్. తరువాత మ్యాన్ అని కొట్టి, ఖాళీ వదిలి, యునేమ్ అని కొట్టండి. ఆ యంత్రంలో ఉన్న యునేమ్‌కు సంబంధించిన వివరణ తెరుచుకొంటుంది. ఇంకొకరి యంత్రం గురించి ఎవరో వ్రాసిన పుటకంటె ఇదే నమ్మదగినది. గ్నూ వారి దానిలో అయితే రెండు అడ్డగీతలు పెట్టి హెల్ప్ అని అడగవచ్చు. పాత మ్యాక్‌లో అలా అడిగితే సహాయానికి కూడా ‘ఇల్లీగల్ ఆప్షన్’ అనే వస్తుంది, ఈసారి అడ్డగీతనే తప్పు పడుతుంది! మీరు నవ్వుకోవచ్చు; కింద వాడుక వరుస ఎలాగూ వస్తుంది కనుక నష్టం లేదు.

ఆఖరున, నాకు నిజంగా తెలియవలసినది ఏమిటి అని ఆలోచించాలి. వ్యవస్థ పేరు, కూర్పు తెలియడమే కావలసి ఉంటే మ్యాక్‌లో అందుకు ‘ఎస్‌డబ్ల్యు అండర్‌స్కోర్ వెర్స్’ అనే వేరే కమాండు ఉంది. లినక్స్‌లో ఈటీసీ అనే సంచయంలో ‘ఓఎస్-రిలీజ్’ అనే ఫైలు ఉంటుంది, దానిని తెరిచి చదివితే చాలు. యునేమ్‌తో పోట్లాడనక్కర లేదు.

చెల్లదు అనడం వేరు, తెలియదు అనడం వేరు. కొన్ని లినక్స్‌లలో పి అని అడిగితే ‘అన్‌నోన్’ అని వస్తుంది. ఇది తిరస్కారం కాదు. ప్రశ్న అర్థమయింది, జవాబు మాత్రం తెలియదు. ఈ తేడా కనిపెట్టడానికి ఒక ఉపాయం. కమాండు అయిన వెంటనే ఎకో అని కొట్టి, ఖాళీ వదిలి, డాలరు గుర్తు, ప్రశ్నార్థకం పక్కపక్కన కొట్టండి. ఇంతకుముందు నడిచిన ప్రోగ్రాము పని ఎలా ముగిసిందో ఒక అంకెలో వస్తుంది. ‘అన్‌నోన్’ తరువాత చూస్తే 0, అంటే పని సవ్యంగా అయింది. ‘చెల్లదు’ తరువాత చూస్తే 1. ఒకదాని వెనుక ఒకటిగా కమాండులను నడిపించే స్క్రిప్టులు ఈ అంకెనే చూచి ముందుకు పోవాలా, ఆగాలా అని నిర్ణయించుకోగలవు. లినక్స్‌లో వ్రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో మొరాయించడానికి ఇలాంటి ఒక్క అక్షరం చాలు.

ఆ అమ్మాయి మార్కు ఆమెకు వేశాను. ఎర్రగీత చెరగదు కనుక, దాని పక్కన “ఈ జవాబు ఒప్పు, దిద్దినవారిది తప్పు” అని వ్రాసి సంతకం చేశాను. ఆ ముగ్గురినీ పిలిచి, బడి యంత్రం ముందు కూర్చోబెట్టి ఆరు గడులూ మళ్ళీ నింపించాను.

ఆ నోటుపుస్తకంలో ఇంకొక వింత ఉంది. ఎమ్ గడిలో ‘ఎక్స్86_64’ అని, పి గడిలో ‘ఐ386’ అని ఉంది. మొదటిది 64 బిట్ల యంత్రం పేరు. రెండవది ఇంటెల్ 1985లో తెచ్చిన 32 బిట్ల 80386 నాటి పేరు. ఒకే యంత్రం, రెండు జవాబులు. రెండవది ఆ ప్రాసెసర్ల కుటుంబం మొత్తానికి మిగిలిపోయిన పాతపేరు, పెద్దవాళ్ళయినా ఇంట్లో ‘బుజ్జి’ అనే పిలిచినట్లు. మీ యంత్రంలో ఈ రెండు గడులూ ఒకేలా ఉంటాయో, వేరుగా ఉంటాయో అడిగి చూచి, వచ్చినది వచ్చినట్లు వ్రాసుకోండి. మ్యాక్‌లలోనే ఆపిల్ సొంత ప్రాసెసరు ఉన్నదయితే ఎమ్‌కు ‘ఆర్మ్64’ అనీ, పికి ఒట్టి ‘ఆర్మ్’ అనీ వస్తుంది.