ఫలకం లేని దానం: పెద్దలను సొంత ఇంట్లోనే ఉంచే పని

వృద్ధుల కోసం ఏదైనా చేయాలనుకున్నప్పుడు దాతలకు మొదట తోచేది భవనం. గోడలు లేస్తాయి, ప్రారంభోత్సవం జరుగుతుంది, గుమ్మం పక్కన ఫలకం ఉంటుంది. కానీ మోకాళ్లు పట్టేసి, మందుల వేళలు మరిచిపోతున్న పెద్దలను అడిగి చూడండి. ఉన్న ఇంట్లోనే ఉండనివ్వమనేవారే ఎక్కువ. అది ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి అమెరికాలో ఒక పేటవాళ్లు చేసిన పని పనికొస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్, నార్త్ బీచ్ ప్రాంతాల్లో చైనా, ఇటలీ, ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చి ముసలివాళ్లయినవారు చాలామంది ఉండేవారు. విలియం గీ అనే దంతవైద్యుడు, మరికొందరు స్థానికులు 1970ల మొదట్లో వారి కోసం నర్సింగ్ హోమ్ కట్టాలనుకున్నారు. విషయం పరిశీలించమని మరీ లూయీస్ అన్సాక్ అనే సామాజిక కార్యకర్తను నియమించారు. అంత ఖర్చు భరించలేమనీ, ఈ పెద్దలకు అలాంటి చోటు నప్పదనీ ఆమె తేల్చారు. బ్రిటన్‌లోని డే హాస్పిటళ్ల పద్ధతి చూసి, 1973లో పగటి కేంద్రం ఒకటి తెరిచారు. దాని పేరు ఆన్ లోక్. కాంటనీస్ భాషలో ప్రశాంతం, సంతోషం అని అర్థం.

పొద్దున వ్యాన్ ఇంటికి వచ్చి పెద్దవారిని ఎక్కించుకుంటుంది. కేంద్రంలో డాక్టరు, నర్సు, ఫిజియోథెరపీ, భోజనం, నలుగురితో కబుర్లు. సాయంత్రం మళ్లీ సొంత ఇల్లే. అవసరమైనవారికి స్నానం చేయించడానికి, వంట చేసిపెట్టడానికి మనిషి ఇంటికే వస్తారు. ఈ పద్ధతికి తర్వాత పేస్ అనే పేరు వచ్చింది. 1997లో అమెరికా చట్టం దీన్ని మెడికేర్‌లో శాశ్వత పథకం చేసింది. 55 ఏళ్లు నిండి, నర్సింగ్ హోమ్‌లో చేర్చదగినంత బలహీనంగా ఉన్నా, తగిన సాయంతో బయట క్షేమంగా ఉండగలవారికి ఇది వర్తిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది డ్రైవర్ సంగతి. సంరక్షణ నిర్ణయించే బృందంలో డాక్టరు, నర్సులతో పాటు డ్రైవర్ కూడా ఉండాలని నిబంధన. నిన్నటిదాకా తానే తలుపు తీసిన పెద్దాయన ఈరోజు గోడ పట్టుకుని వస్తున్నాడని ముందు చూసేది అతనే కదా! డబ్బు కూడా విడివిడి సేవలకు కాకుండా, మనిషికి నెలకు ఇంత అని ముందే వస్తుంది. ఆసుపత్రి ఖర్చూ అందులోంచే పోవాలి. కాబట్టి తుంటి ఎముక విరిగాక ఆపరేషన్ చేయించడం కన్నా, ముందే బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ బిగించడం సంస్థకే లాభం. కొందరికి చివరికి నర్సింగ్ హోమ్ తప్పదు. అప్పుడు కూడా బాధ్యత పేస్‌దే.

అక్కడైతే ప్రభుత్వ సొమ్ముంది, మనకెక్కడిది అని మీరు అడగవచ్చు. కేరళను చూడండి. 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ సేవ, తర్వాత మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగు వాలంటీర్ల చేతుల మీదుగా విస్తరించింది. మంచం పట్టినవారి ఇళ్లకు నర్సు, వాలంటీర్లు వెళ్తారు. అందులో చాలా భాగం స్థానికులిచ్చే చిన్న చిన్న చందాలతో నడిచింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించింది.

ఈ రెండు చోట్లా ఖర్చు ముఖ్యంగా మనుషుల మీదే: నర్సు జీతం, ఇంటికి వెళ్లే ఆయా జీతం, బండి కిరాయి. నిజం చెప్పాలంటే దాతలకు అంతగా రుచించని పద్దులివి. భవనానికి ఒకసారి ఇస్తే సరిపోతుంది, జీతం మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. ఆయా రెండు నెలలు రాకపోతే ఆ ఇంటి పెద్దావిడకు స్నానం ఎవరు చేయిస్తారు? అందుకే ఇలాంటి పని తలపెట్టే సొసైటీ పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చే ఒక్కరి కన్నా, మూడేళ్లపాటు నెలనెలా ఇస్తామని మాటిచ్చే ముప్పై మందిని ముందు చూసుకోవాలి. ఆ తర్వాత రెండు వీధులు మాత్రమే తీసుకుని, ఒంటరిగా ఉంటున్న పెద్దలెవరు, వారిలో మెట్లు దిగలేనివారెవరు, రాత్రి పడిపోతే పిలుపు వినపడే ఇల్లేదో ఇంటింటికీ వెళ్లి రాసుకోవాలి.