మూత్రపిండ మార్పిడి తర్వాత ముందుజాగ్రత్త యాంటీబయాటిక్: మేలు, కీడు

మన హాస్టల్లో చదివిన వాళ్లలో చాలామందిమి ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లం. అందుకే ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మందుల చీటీ ముందు మన చేతికే ఇస్తారు. మా చిన్నాయనకు కిడ్నీ మార్పిడి జరిగి నాలుగు నెలలైనప్పుడు ఒక మాత్రల అట్ట చూపించి, "జ్వరం లేదు, నొప్పి లేదు. ఈ మాత్ర ఇంకా ఎందుకు నాయనా?" అని అడిగారు. ఎమ్మెస్సీ చదువుతున్న మేము జవాబు చెప్పలేకపోయాం. ఆయన ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానేశారు. నెల తిరగకముందే చలిజ్వరంతో, మూత్రంలో మంటతో ఆసుపత్రిలో చేరారు. వైద్యుల కృషి వల్ల కోలుకున్నారు. ఆనాడు చెప్పలేని జవాబును పుస్తకాల్లో చదివి, వైద్యులను అడిగి తెలుసుకొని ఇక్కడ రాస్తున్నాం.

మార్పిడి కథ

ప్రపంచంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కవల సోదరుల మధ్య జరిగింది. మన దేశంలో ఆ విజయం 1971లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో సాధ్యమైంది. చిత్తూరు వాళ్లకు వేలూరు పొరుగూరే కదా! 1993లో తిరుపతిలో ప్రారంభమైన స్విమ్స్‌లో కూడా ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల ఈ చికిత్స పేద ఇళ్లకు కూడా అందింది.

ఒకే పోలిక కవలలు కాబట్టి బోస్టన్‌లో తమ్ముడి శరీరం అన్న కిడ్నీనో, అన్న శరీరం తమ్ముడి కిడ్నీనో పరాయిదని తోసివేసే ప్రశ్న రాలేదు. మిగిలిన వారందరి విషయంలో శరీరం కొత్త కిడ్నీని శత్రువుగా చూస్తుంది. ఆ దాడిని ఆపడానికి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు ఇస్తారు. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. కిడ్నీ నిలుస్తుంది, కానీ క్రిములకు తలుపు తెరుచుకుంటుంది.

రోగం రాకముందే మందు

మామిడి తోపుకు కాయలు పోయిన తర్వాత కాపలా పెట్టం, కాయ పట్టినప్పుడే పెడతాం. ఇదీ అంతే. ఎక్కువగా వాడే కాపలా మందు కోట్రైమాక్సజోల్. మన పల్లెల్లో సెప్ట్రాన్ మాత్ర అంటే చాలామందికి తెలుసు. ఇందులో సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ అని రెండు మందులుంటాయి. న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే ప్రాణాంతక న్యుమోనియాను, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లను ఇది అడ్డుకుంటుంది. కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం న్యుమోనియా నివారణకు 3 నుంచి 6 నెలలు, మూత్ర ఇన్‌ఫెక్షన్ల నివారణకు కనీసం 6 నెలలు వాడాలి. రోగిని బట్టి వైద్యులు ఇంకా పొడిగించవచ్చు.

క్రిములు బతకాలంటే ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాన్ని తామే తయారు చేసుకోవాలి. ఈ మాత్ర ఆ తయారీని రెండు చోట్ల అడ్డుకుంటుంది. మనం ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల వంటి ఆహారం నుంచి పొందుతాం కనుక మనకు హాని తక్కువ. 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కావడం మనకు గర్వకారణం.

దుష్ఫలితాలు

1. పొటాషియం పెరగడం: ట్రైమెథోప్రిమ్ వల్ల పొటాషియం మూత్రంలో సరిగా పోదు. టాక్రోలిమస్ కూడా దాన్ని పెంచుతుంది. మితిమీరితే గుండె లయ తప్పుతుంది. టెంకాయ నీళ్లు, అరటిపండ్లు బలమని తెచ్చిపెట్టే ముందు వైద్యుణ్ణి అడగాలి.

2. క్రియాటినిన్ పెరగడం: ఈ మందు క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని మూస్తుంది. అందువల్ల కిడ్నీ చెడకపోయినా రిపోర్టులో అంకె కొంచెం పెరగవచ్చు. అయితే శరీరం కిడ్నీని తిరస్కరించినా అదే అంకె పెరుగుతుంది. తేడా వైద్యులే తేల్చాలి. మనం ధైర్యమూ చెప్పకూడదు, భయమూ పెట్టకూడదు.

3. రక్తకణాలు తగ్గడం: మైకోఫినోలేట్, అజథయోప్రిన్‌లతో కలిసినప్పుడు తెల్లకణాలు తగ్గవచ్చు. అందుకే తరచుగా రక్తపరీక్ష చేయిస్తారు.

4. సల్ఫా పడకపోవడం: ఒంటిపై దద్దుర్లు వస్తే అదే రోజు వైద్యుడికి చూపాలి. చర్మం పొక్కినా, నోరు, కళ్లు పుండ్లు పడినా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది ప్రాణాపాయం.

5. జి6పిడి లోపం: పుట్టుకతో ఈ ఎంజైము తక్కువగా ఉన్నవారిలో ఎర్రకణాలు పగిలిపోవచ్చు.

మాత్ర పడని వారికి వేరే మందులున్నాయి. కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గిస్తారు. కనుక దుష్ఫలితం కనిపిస్తే దాచిపెట్టి మానేయడం కాదు, చెప్పి మార్పించుకోవాలి.

మెడికల్ షాపు మందులతో జాగ్రత్త

జలుబు, దగ్గు అని చెప్పి తెచ్చుకునే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచి కిడ్నీని దెబ్బతీస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని తగ్గించి, తిరస్కారానికి దారితీస్తుంది. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజక్షన్లు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నేరుగా కిడ్నీకే చేటు. మార్పిడి రోగి ఏ ఆసుపత్రికి వెళ్లినా తన మందుల పుస్తకం చూపి, "నాకు కిడ్నీ మార్పిడి జరిగింది" అని మొదటే చెప్పాలి.

మరో మాట. మిగిలిన మాత్రలను విరేచనాలని రూమ్మేటుకు ఇవ్వకండి. అవసరం లేకుండా వాడితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. అప్పుడు కాపలా మందే పనికిరాదు.

మనం చేయవలసింది

మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మందుల పుస్తకం తెరిచి ఏ మాత్ర దేనికో, ఎన్నాళ్లో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. మాకు తెలియనిది అడిగితే "తెలియదు, కానీ డాక్టరును అడిగేదాకా ఆపొద్దు" అని చెప్పి ఉంటే చాలు, మా చిన్నాయన ఆసుపత్రి మంచం ఎక్కేవారు కాదేమో. కిడ్నీ ఇచ్చిన మా పిన్ని త్యాగాన్ని కాపాడే పనిలో ఆ చిన్న మాత్రకూ భాగముంది, మన చదువుకూ భాగముంది.